నీ పెదవి మీద మచ్చ సంగతి

చిన్నోడా,

మొన్న వీడియో కాల్‌లో నీ కింది పెదవి మీద నల్ల మచ్చ చూసినప్పటి నుంచి మీ అమ్మకి ఒకటే టెన్షన్, బెంగుళూరు పోయి సిగరెట్లు మొదలుపెట్టావని తీర్మానం చేసేసింది. నాకైతే అలా అనిపించలా. సిగరెట్ తాగేవాళ్ళకి నలుపు ముఖ్యంగా ముందు చిగుళ్ళ మీద పరుచుకుంటుంది, నీది గుండ్రంగా, అంచు కట్టినట్టు ఒక్కచోటే ఉంది. (తాగుతుంటే మాత్రం మానెయ్, అది వేరే సంగతి.) మీ మామేమో కనిగిరి ఫ్లోరైడ్ నీళ్ళ వల్లే అంటున్నాడు. ఆ నీళ్ళకి పళ్ళు గార పడతాయి, ఎముకలు దెబ్బతింటాయి గానీ పెదవి నల్లబడదు. చిగుళ్ళు నల్లగా ఉన్నాయని కూడా బుర్ర పాడుచేసుకోకు, మన ఒంటి రంగుకి అది మామూలే, నాకూ అంతే.

నా అనుమానమంతా మాత్రల మీద. సంక్రాంతికి వచ్చినప్పుడు విరేచనాలకి మెడికల్ షాపులో అడిగి బిళ్ళలు తెచ్చుకున్నావు, మర్నాటికి పెదవి మంటగా ఉందన్నావు, సరిగ్గా అక్కడే. కొందరికి ఒక మందు పడదు, అది వేసుకున్న ప్రతిసారీ కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో అదే చోట ఎర్రగా పొక్కి, తగ్గాక నలుపు మిగిలిపోతుంది. ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు డాక్టర్లు. సల్ఫా బిళ్ళలు, మెట్రోనిడజోల్, నార్‌ఫ్లాక్సాసిన్, కొన్ని నొప్పి మాత్రలు ఇట్లా చేస్తాయి. మళ్ళీ వేసుకుంటే మచ్చ ముదురుతుంది, కొత్త చోట్ల కూడా రావచ్చు, కాబట్టి అదేనా కాదా అని నీకు నువ్వే వేసుకుని చూడబాక.

చర్మం డాక్టర్ దగ్గరికి పో. నాలుక మీద, బుగ్గల లోపల కూడా నలుపు ఉంటే చెప్పు, నీరసం, బరువు తగ్గడం ఉన్నా దాచకు, బి12 విటమిన్ తక్కువైనా, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథి సరిగా పనిచేయకపోయినా నోట్లో నలుపు వస్తుంది. చిన్నప్పటి నుంచే పెదవుల నిండా చుక్కలుండి తరచూ కడుపునొప్పి వస్తుంటే పేగుల్లో పాలిప్స్ అనే చిన్న కండ గడ్డలు ఉన్నాయేమో చూస్తారు, నీకు అలాంటివి లేవులే. మచ్చ పెరుగుతున్నా, రక్తం కారినా చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు, భయపడబాక.

ఈలోపు నిమ్మకాయ రుద్దడం, ఆన్‌లైన్‌లో తెల్లబడే క్రీములు కొనడం వద్దు, ఆ మంటకే ఇంకా నల్లబడుద్ది. నీ బ్యాగులో ఉన్న మాత్రల అట్టలన్నీ పరిచి ఫోటో తీసి ఈ రాత్రికి నాకు పంపు, ఆ అట్టలు పారేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపో. సిగరెట్ల సంగతి అమ్మకి నువ్వే ఫోన్ చేసి చెప్పుకో.

నాన్న,
పొదిలి