జేజి విసుర్రాయికి కక్కు కొట్టిన పెద్దాయనకు

మా జేజి, అంటే నాయనమ్మ, దినాలు నిన్నటితో అయిపోయినాయి. షామియానా గుంజలు ఇంకా పీకలేదు, కండ్లు మండుతున్నాయి, అయినా ఇది ఈరోజే రాయాల. అన్నదమ్ములు, మేనత్తలు, కోడళ్లు ఎవరి పని వాళ్లు చేసినారు. వాళ్లకు థాంక్స్ చెప్తే తిడతారు. ఈ నాలుగు మాటలు, ఉలి సంచి భుజాన తగిలించుకొని కడప నుంచి మా ఊరికి బస్సులో వచ్చిన ఒక పెద్దాయనకు. పేరు వేయొద్దన్నాడు, వేయను.

పెద్ద దినం నాడు పెట్టే సంగటికి జేజి రాయితోనే పిండి విసరాలని మేనత్తల పట్టు. పట్టులో న్యాయం ఉంది. మిల్లు పిండి మరీ మెత్తన, సంగటి జిగురుగా సాగుతుంది. రాతి పిండిలో సన్న రవ్వ తగులుతుంది, ముద్ద నిలబడుతుంది. కానీ రాయి నున్నగా అరిగిపోయింది. కక్కు, అంటే ఉలితో కొట్టిన గరుకు గాట్లు, పోయిన రాయి గింజను పగలగొట్టదు, ఒట్టిగా దొర్లించి బయటికి తోస్తుంది. ఒకప్పుడు "రోళ్లకు, విసుర్రాళ్లకు కక్కు కొడతాం" అని వీధుల్లో కేకలేసుకుంటూ తిరిగేవాళ్లు. ఇప్పుడు ఎవరూ రారు.

ఆయన పై రాయి ఎత్తి పక్కన పెట్టి, కింది రాయిని తడిగుడ్డతో తుడిచి, అరచేత్తో చాలాసేపు తడిమినాడు. "ఆమె ఈ పక్క కూచునేది గదా?" అన్నాడు. నిజమే. పిడిని తన దిక్కు లాగేటప్పుడు బరువు ఎక్కువ పడుతుంది, అవతలికి తోసేటప్పుడు తక్కువ. ఏండ్ల తరబడి అట్లా విసిరితే ఇవతలి సగం ఎక్కువ అరుగుతుంది. అందుకని ముందు అవతలి సగాన్ని కొట్టి సమం చేసినాడు. ఆ తర్వాతే కక్కు: నడిమి చీల చుట్టూ గింజ పడే చోట కొంచెం ముతకగా, అంచుకు పోయేకొద్దీ సన్నగా, దగ్గరదగ్గరగా. అంతా ఒకటే లోతు కొడితే పిండి రవ్వరవ్వగా పడుతుంది. మరీ లోతైతే రాతి పొడి చాన్నాళ్లు పోదు. చీల వదులుగా ఉంటే పై రాయి ఒక పక్కకు జరిగి సగం మెత్తన, సగం ముతక పడుతుంది. దానికి పాత గుడ్డపీలిక చుట్టి బిగించినాడు.

పై రాయికి గింజలు పోసే కన్ను ఉంటుంది కదా, జేజి వేళ్లు రాసుకొని రాసుకొని దాని అంచు అద్దం మాదిరి నునుపు తేలింది. అక్కడ మాత్రం ఉలి పెట్టలేదు. "దీంతో విసురుడుకేం పని లేదు. ఇది ఆమె చేసిన పని, నేను ముట్టుకోను" అన్నాడు. చిన్నత్త అక్కడే కూలబడింది. పాడె లేచినప్పుడు కూడా గట్టిగా నిలబడిన మనిషి. ఆయన తలెత్తకుండా తన పని తాను చేసుకుంటూ పోయినాడు, కూలి మామూలుగా తీసుకున్నాడు, సంగటి తినకుండానే బస్సెక్కినాడు. పెద్దాయనా, మీకు దండం.

పోతూపోతూ చెప్పింది ఇక్కడ రాస్తున్నా, పనికొస్తుంది. కొట్టించినాక రాళ్లను కొబ్బరి పీచుతో రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టాల. పాత నూకలు నాలుగైదు పిడికిళ్లు విసిరి పారేయాల. పంటి కింద గరగర పోయేదాకా ఆ పిండి మనుషులకు పెట్టకూడదు.

సంగటి కొలత అడిగినవాళ్లకు: గ్లాసు బియ్యానికి అయిదు గ్లాసుల నీళ్లు. బియ్యం మెత్తగా ఉడికినాక గ్లాసున్నర రాగి పిండి మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో నడిమిన బొక్క చేసి, సన్న మంట మీద మూత పెట్టాల. పది నిమిషాలు కలపకూడదు, తొందరపడితే లోపల పచ్చిపిండి ఉండలు కడుతుంది. తర్వాత గంజి కొంచెం వంపి పెట్టుకొని గట్టిగా గెలికి, ఆ గంజి మళ్లీ పోసుకుంటూ సరిచూసుకోవాల.

ఇక మరణ సర్టిఫికెట్ సంగతి. ఆధార్‌లో మా జేజి 1955 జనవరి 1న పుట్టింది. 1952 గంజి కరువులో చెంబు పట్టుకొని వరుసలో నిలబడినానని ఆమే చెప్పేది! ఆస్పత్రి వాళ్లేమో ఆమె ముద్దుపేరు రాసి పంపినారు. ఇప్పుడు ఆ కిటికీ నుంచి ఈ కిటికీకి. మనిషి ఎక్కడ పోతే అక్కడే నమోదు, బయట పోతే సొంతూరి సచివాలయంలో కాదు. ఆస్పత్రిలో పోతే వివరాలు పంపాల్సింది ఆస్పత్రే, 1969 జనన మరణాల నమోదు చట్టం చెప్పేది అదే. 21 రోజుల్లోపైతే రుసుము లేదు. ఆస్పత్రి వదిలే ముందే పేరు ఆధార్‌తో సరిపోయిందో లేదో చూసుకోండి, నమోదైనాక దిద్దించడం నరకం. చచ్చిపోయిన మనిషి పేరు నిరూపించమంటారు, ఎవరిని పిలుచుకుపోవాల?

అయ్యో, మరిచినా. ఫ్రీజర్ పెట్టె రాత్రికి రాత్రి తెచ్చిన ఆటో అబ్బాయికి, ఊరిబిండి నూరిన పక్కింటి అక్కకు, కరెంటు పోతే జనరేటర్ ఇచ్చిన పెట్రోలు బంకాయనకు కూడా. ఆ, గంగాళాలు ఇచ్చిన ఎదురింటి మామకు: గరిటెలు రెండు మా దగ్గరే ఉండిపోయినాయి, సాయంత్రం పిల్లోనితో పంపిస్తాం.