కొనే ధర సరే, తిప్పే ఖర్చు ఎవరు రాస్తారు?

సంపాదకులకు,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో వచ్చిన సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్ల వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఈపాటికి ఎవరో ఒకరు రాసి ఉంటారని ఊరుకున్నాను. మీ లేఖల శీర్షికలో దాన్ని మెచ్చుకున్నవారే కనబడుతున్నారు కాబట్టి ఇక తప్పలేదు.

పేజీ నిండా స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, బీఎండబ్ల్యూ 328ఐ, ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ ఫొటోలు వేశారు. ఏది ఎన్ని సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందో దశాంశాలతో సహా ఇచ్చారు. నెల వాయిదా కూడా లెక్క కట్టారు. కొన్నాక ఏడాదికి ఎంత వదులుతుందో మాత్రం చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టారు, మెయింటెనెన్స్ కాస్త ఎక్కువేనని. దెబ్బతిన్న కార్ల నష్టం లెక్కకట్టే మోటారు ఇన్సూరెన్స్ సర్వేయరుగా పనిచేసి రిటైరైన నాకు ఆ వాక్యం ఖరీదు తెలుసు.

కారు ధర ఏటేటా పడిపోతుంది, దాని విడిభాగాల ధర పడదు. నలభై లక్షల కారు పన్నెండేళ్లకు ఎనిమిది లక్షలకు దిగిందని కుర్రవాడు మురిసిపోయి కొంటాడు. హెడ్‌లైటు పగిలిన రోజున షోరూంలో ఇచ్చేది నలభై లక్షల కారు హెడ్‌లైటే. ఆ రిపేరు ఎస్టిమేటు చేతిలో పడగానే నోట మాట రాక కూలబడిన వాళ్లను ఎందరినో చూశాను. అదే ఎనిమిది లక్షలు పెట్టి కొత్త చిన్న కారు కొన్నవాడితో ఇతణ్ణి పక్కపక్కన నిలబెట్టి పోల్చడం మీ వ్యాసం చేసిన మొదటి అన్యాయం.

పెట్రోలుతో మొదలుపెడదాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే మనిషికి, బెజవాడ ట్రాఫిక్‌లో రెండు లీటర్ల టర్బో ఇంజను లీటరుకు 8 కిలోమీటర్లు ఇచ్చిందనుకోండి. 1,500 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున 1,65,000 రూపాయలు. 16 ఇచ్చే కారుకు అందులో సగం. ఈ తేడా ఏటా వచ్చేదే. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మీరు ఫొటోలు వేసిన కార్లన్నీ ఆ పెట్రోలు కోసం తయారు కాకముందువి. పది శాతం మిశ్రమానికి సర్దిన పాత కార్లలో మైలేజీ 6, 7 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే ఒప్పుకుంది. అందుకు ధరేమైనా తగ్గించారా అంటే అదీ లేదు.

ఇక టైర్లు. ఇలాంటి కార్లలో కొన్నిటికి 225/40 ఆర్18 కొలత టైర్లు ఉంటాయి. అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉండే రబ్బరు గోడ, 225 మిల్లీమీటర్ల వెడల్పులో 40 శాతం, 90 మిల్లీమీటర్లు. ఇంట్లో వాడుకునే 185/65 టైరుకు అది 120. ఆ తగ్గిన 30 మిల్లీమీటర్ల విలువ మన రోడ్ల మీదే తెలుస్తుంది. ఒక్క గుంతలో దిగితే టైరు ఉబ్బుతుంది, అల్లాయ్ రిమ్ము సొట్టపోతుంది. బీఎండబ్ల్యూలో అయితే రన్‌ఫ్లాట్ టైర్లని చెప్పి చాలావాటికి స్టెప్నీ కూడా ఇవ్వలేదు. గాలి పోయినా కొంత దూరం నడుస్తుందంటారు, సరే. కానీ పక్క గోడ చీలిన టైరును అర్ధరాత్రి ఏ ఊళ్లో దొరకబుచ్చుకోవాలి? రోడ్ల సంగతికే వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద వ్యాట్ కాక రోడ్ల అభివృద్ధి పేరిట లీటరుకు మరో రూపాయి వసూలు చేస్తున్నారు. 1,500 లీటర్లు తాగే కారు యజమాని ఒక్కడే ఏటా పదిహేను వందలు రోడ్లకు చందా ఇస్తున్నాడన్నమాట. ఏ గుంత పూడ్చారో చూపిస్తే వెళ్లి దండం పెట్టుకుంటాను. వానలు తగ్గగానే వేస్తామంటారు, వేసవి రాగానే టెండర్లంటారు.

గేర్‌బాక్సుల గురించి మీవాళ్లకు బొత్తిగా తెలియదనిపించింది. మూడింటిలోకీ చౌక కాబట్టి పోలోను ‘తెలివైన ఎంపిక’ అన్నారు. దాని పాత మోడళ్లలోని ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే దానంతటదే గేర్లు మార్చే పెట్టె, పొడి క్లచ్‌లది. మన ఎండల్లో, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో గేర్లు మార్పించే దాని మెకట్రానిక్ యూనిట్ మొరాయించడం గ్యారేజీలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆక్టేవియా ఆర్‌ఎస్ 230లోని ఆరు గేర్ల పెట్టె నూనెలో మునిగి ఉండే క్లచ్‌లది, గట్టిది. అయితే 60,000 కిలోమీటర్లకోసారి ఆ నూనె, ఫిల్టరు మార్చి తీరాలి. మార్చిన బిల్లు చూపించని అమ్మకందారు దగ్గర కొనకూడదు. 328ఐ ఇంజనులో టైమింగ్ చెయిన్‌ను దారిలో ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరిగే జబ్బు ప్రపంచమంతటికీ తెలుసు. ఇవి రాయాల్సిన చోట సీట్ల కుట్టు పని గురించి వర్ణించారు.

ఇన్సూరెన్స్ ఊసే లేదు. 1,500 సీసీ దాటిన కారుకు 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియమే 7,897 రూపాయలు, జీఎస్టీ అదనం. అయిదేళ్లు దాటిన కారుకు జీరో డిప్, అంటే అరుగుదల పేరిట కోత పెట్టని పాలసీ, ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. అది లేకపోతే బంపరు లాంటి ప్లాస్టిక్ భాగాల్లో సగం ఖర్చు మీదే. క్లెయిము చేయనందుకు అమ్మినవాడికి ప్రీమియంలో దక్కిన తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, కారుతో పాటు రాదు. స్పీడ్ బ్రేకరుకు తగిలి ఇంజను అడుగున నూనె నిలిచే ఆయిల్ సంపు పగిలాక గమనించకుండా నడిపితే, సంపు వరకే ఇస్తారు, బిగుసుకుపోయిన ఇంజనుకు పైసా రాదు. మన కాలనీల్లో ఎవరికి తోచిన ఎత్తున వాళ్లు స్పీడ్ బ్రేకర్లు కడుతుంటే ఈ క్లెయిములు తగ్గేదెలా? మున్సిపాలిటీకి ఫిర్యాదు చేస్తే అది తాము వేసింది కాదంటారు. మరి తీసేయవచ్చు కదా!

‘ఢిల్లీలో ఇంకా చౌక’ అని మీరు ఇచ్చిన సలహా అన్నిటికన్నా ప్రమాదకరం. చౌక ఎందుకో రాయలేదేం? పదేళ్లు నిండిన డీజిలు, పదిహేనేళ్లు నిండిన పెట్రోలు కార్ల మీద అక్కడ పెట్టిన ఆంక్షల భయంతో చాలామంది ముందే వదిలించుకున్నారు. అలాంటి కారును ఇక్కడికి తెస్తే అక్కడి నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తెప్పించుకోవాలి, ఇక్కడి లైఫ్ టాక్స్ కట్టాలి, అక్కడ కట్టిన పన్నులో మిగులు వాపసు కోసం అక్కడి ఆఫీసు చుట్టూ తిరగాలి. మన రవాణా శాఖ కౌంటర్లలో ఒక సంతకానికే ఏజెంటు కావాలి, ఆన్‌లైన్ అని పేరు. ఢిల్లీ దాకా ఎందుకు, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో బెజవాడ సింగ్‌నగర్‌లో మునిగిన కార్లన్నీ తుక్కుకే పోయాయని నమ్ముతున్నారా? ఇలాంటి కార్లలో ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు కొన్ని సీట్ల కిందే ఉంటాయి. తివాచీ కడిగి ఆరబెడితే కొనేవాడికి ఏమీ కనబడదు.

మీ వ్యాసానికి ఎదురు పేజీలో పాత కార్ల అమ్మకందారు ప్రకటన నిండు రంగుల్లో ఉంది. యాదృచ్ఛికమే అయి ఉంటుంది. ఒకప్పుడు మీ పత్రికలో స్కూటర్ల గురించి రాసినా స్పార్క్ ప్లగ్గు ధర దాకా ఉండేది. ఆ మూడు కార్లకూ ఏడాదికి పెట్రోలు, టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్స్, పన్ను ఎంతవుతాయో, కిలోమీటరుకు ఎంత పడుతుందో ఒక పట్టిక వేయండి. లెక్క కట్టే మనిషి మీ దగ్గర లేకపోతే కబురు చేయండి. పాత ఎస్టిమేటు కాగితాలు నా బీరువాలో ఉన్నాయి, యజమానుల పేర్లు కొట్టేసి ఇస్తాను.

— ఒక రిటైర్డ్ మోటారు సర్వేయరు, విజయవాడ