చమురు మట్టికి పొడి చల్లితే చాలదు

సంపాదకుడు గారికి,

మెకానిక్ షెడ్ల దగ్గర వేస్ట్ ఆయిల్ ఇంకి నల్లబడ్డ మట్టికి బ్యాక్టీరియా పొడి చల్లితే నేల బాగుపడుతుందనీ, పైగా అదే చమురు నుంచి బయోప్లాస్టిక్ కూడా తీయొచ్చనీ తిరుపతిలో మాట వినబడుతోంది. రెండూ జరిగే పనులే. ఒకే కుప్పలో మాత్రం జరగవు. నగరపాలక సంస్థ డబ్బు పెట్టేముందు ఈ తేడా చూడాలి.

సూడోమొనాస్ వంటి బ్యాక్టీరియా చమురులోని హైడ్రోకార్బన్ (కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థం) గొలుసు చివర ఆక్సిజన్ తగిలించి ముందు ఆల్కహాలుగా, ఆపై కొవ్వు ఆమ్లంగా మారుస్తుంది. తర్వాత ఏమవుతుందన్నది నైట్రజన్‌ను బట్టి ఉంటుంది. అది చాలినంత ఉంటే బ్యాక్టీరియా తిని పెరుగుతుంది, నేల శుభ్రపడుతుంది. కార్బన్ పుష్కలంగా ఉండి నైట్రజన్ కరువైతే పెరగలేక, మిగిలిన కార్బన్‌ను పీహెచ్‌ఏ అనే ప్లాస్టిక్ రేణువులుగా ఒంట్లో దాచుకుంటుంది. ఆక్టేన్ మీద పెంచిన బ్యాక్టీరియాలో ఈ సంగతి 1983లోనే బయటపడింది. ఆ ప్లాస్టిక్ తీయాలంటే శుభ్రమైన ముడిసరుకు, గాలి పంపే ఫెర్మెంటర్ (బ్యాక్టీరియాను పెంచే తొట్టి) కావాలి. జింకు, అడిటివ్‌లు కలిసిన ఇంజిన్ ఆయిల్ తగదు. షెడ్లలో డ్రమ్ముల్లోని ఆయిల్‌ను 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఇచ్చేయడమే.

మట్టి లెక్క వేరు. టన్ను మట్టిలో 3 శాతం చమురు ఉంటే 30 కిలోలు, అందులో కార్బన్ సుమారు 25 కిలోలు. కార్బన్, నైట్రజన్, ఫాస్ఫరస్ 100:10:1 పాళ్లలో ఉండాలంటే 5 కిలోల యూరియా, కిలోంబావు డీఏపీ సరిపోతాయి. ఒకేసారి గుమ్మరిస్తే లవణం, అమ్మోనియా ఎక్కువై బ్యాక్టీరియాయే చస్తుంది. నాలుగు విడతలు చేయాలి. చమురు 5 శాతం దాటితే, తక్కువ చమురున్న మట్టి కలిపి పలచన చేశాకే మొదలుపెట్టాలి.

ఎక్కువగా పని చెడేది గాలి దగ్గర. కిలో చమురు పూర్తిగా విరిగిపోవడానికి దాదాపు మూడున్నర కిలోల ఆక్సిజన్ పడుతుంది. నిలువెత్తు కుప్ప పోసి వదిలేస్తే లోపల ఊపిరాడదు. అడుగు మందాన పరిచి వారానికోసారి రోటవేటర్ తిప్పాలి. పిడికిట నొక్కితే మట్టి ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. మన మే ఎండకు ఆ తడి నిలవదు, తరచూ చల్లుతుండాలి. అక్టోబరు దాటితే బాధ తిరగబడుతుంది. అడుగున మందపాటి షీటు, చుట్టూ గట్టు, పైన టార్పాలిన్ లేకుంటే 2021 నవంబరు లాంటి వాన ఒక్కటి చాలు, చమురంతా స్వర్ణముఖి పాలవడానికి.

పొడి అనవసరమని కాదు. ఢిల్లీలోని పరిశోధన సంస్థ టెరి రూపొందించిన ఆయిల్ జాపర్ వంటివి చమురు ఒలికిన చోట్ల పనిచేశాయి. అయితే పాత షెడ్డు మట్టిలో చమురు తినే బ్యాక్టీరియా ఎలాగూ ఉంటుంది. దానికి లేనిది గాలి, ఎరువు, తడి. కాబట్టి పొడి కిలోల లెక్కన బిల్లు కట్టొద్దు. మొదటిరోజూ, ఆపై నెలనెలా మట్టి నమూనాలు తీసి, టీపీహెచ్ (మట్టిలోని మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు) ఎంత తగ్గిందో చూసి చెల్లించాలి. పక్కనే పొడి వేయని మడి ఒకటి ఉంచి, దానికీ అదే ఎరువు, అదే దున్నకం ఇస్తే పొడి సత్తా తేలిపోతుంది.

చమురు పోయినా జింకు వంటి లోహాలు మట్టిలోనే ఉంటాయి, వాటిని ఏ బ్యాక్టీరియా తినదు. లోహాల పరీక్ష కాకుండా ఆ మట్టిని పార్కులకో కూరగాయల మడులకో తోలొద్దు.

– ఒక మైక్రోబయాలజీ అధ్యాపకుడు, తిరుపతి