ఎవరు పోయారని అడిగావు

చిన్నా, అమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం నువ్వు ఫోను చేసినప్పుడు వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. పక్కన ఘంటసాల గారి భగవద్గీత వస్తోంది. అది వినబడగానే నువ్వు, "అమ్మా, ఏమైంది? ఎవరు పోయారు?" అన్నావు. నీ కంగారు చూసి, అందరూ క్షేమమేనని గబగబా చెప్పేశాను. తర్వాత మాటలు నీ ఉద్యోగం మీదకు, వర్షాల మీదకు వెళ్లిపోయాయి. ఫోను పెట్టేశాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నీ తప్పు లేదు నాన్నా. నీకు ఊహ తెలిసేసరికే ఆ గొంతు వైకుంఠ రథం మీది మైకుకు అంకితమైపోయింది. వీధి మలుపులో అది వినబడితే చాలు, ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి ఎవరింట్లోనని ఆరా తీస్తారు. బాగా ఇష్టమైన ఆల్బమ్‌లు ఏవో రాసి పంపమని నువ్వు పోయిన నెల అడిగావు కదా. నా జాబితాలో మొదటి పేరు అదే. అందుకే ఫోనులో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నాను.

మా చిన్నప్పుడు అది చావు పాట కాదు. తెల్లవారుజామున రామాలయం మైకులో వచ్చేది. ఊరు నిద్ర లేచేది దానితోనే. నాకు పదహారేళ్లప్పుడు, 1984లో, మీ తాతయ్య టేప్‌రికార్డరు కొన్నారు. దానితోపాటు ఇంటికి వచ్చిన మొదటి క్యాసెట్టు ఇదే. లెక్కల మాస్టారు కదా, దేన్నయినా మొదటి మెట్టు నుంచి ఎక్కవలసిందే అనేవారు. మధ్యలోంచి పెట్టనిచ్చేవారు కాదు. అర్జునుడు విల్లు కింద పడేసే చోటు వినకుండా కృష్ణుడి మాటలు వింటే, అడగని ప్రశ్నకు జవాబు విన్నట్టు ఉంటుందనేవారు.

ఒక్కో శ్లోకం అయ్యాక ఘంటసాల గారు తెలుగులో తాత్పర్యం చెబుతారు. తాతయ్య సరిగ్గా అక్కడ బొత్తం నొక్కి ఆపేసేవారు. "ఇప్పుడు నువ్వు చెప్పు" అనేవారు. నాకు తోచిన అర్థం చెప్పాక మళ్లీ నడిపించేవారు. తప్పయితే ఏమీ అనేవారు కాదు, ఆ గొంతే దిద్దేది. నాకు వచ్చిన నాలుగు సంస్కృతం ముక్కలూ అలా వచ్చినవే. భకారం, ధకారం పలకడం కూడా.

ఒక్క శ్లోకం దగ్గర మాత్రం ఆయనే చెప్పేవారు. "ధ్యాయతో విషయాన్ పుంసః" అన్నది. కోరిక కోపమవుతుంది, కోపం వివేకాన్ని తింటుంది, జ్ఞాపకం పోతుంది, చివరకు బుద్ధి పోతుంది. మీ తాతయ్యకు కోపం ఎక్కువ. ఆ కోపంతో పోగొట్టుకున్న స్నేహాలూ ఉన్నాయి. ఆ శ్లోకం వచ్చినప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది. కూతురి ముందు తన తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు దొరికిన దారి అదొక్కటే అనుకుంటాను.

సంగీతం మాటకొస్తే, ఆ రికార్డులో నాకు నచ్చేది ఆ నిగ్రహం. విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయంగా నేర్చుకున్న మనిషి, మూడు దశాబ్దాలు సినిమాల్లో పాడిన మనిషి. గమకాలతో ముంచెత్తగలరు. అయినా రాగాన్ని శ్లోకానికి ఎంత కావాలో అంతే వాడారు. 700 శ్లోకాల్లోంచి నూరు పైచిలుకు ఏరుకున్నారు. చివరి రోజుల్లో, ఒంట్లో బాగుండనప్పుడు పాడినది అది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయేనాటికి వయసు 51 ఏళ్లే. "పత్రం పుష్పం ఫలం తోయం" ఒక్కసారి విను. ఒక ఆకు, ఒక పువ్వు, కాసిని నీళ్లు చాలంటాడు కృష్ణుడు. గొంతు కూడా అంత తేలికగానే వెళుతుంది.

"పుట్టినవాడికి చావు తప్పదు" అన్న శ్లోకం ఉంది కాబట్టి శవయాత్రకు పట్టుకుపోయారు. కానీ చావు గురించిన ఆ మాట కూడా బతికి ఉన్నవాడికి, లేచి తన పని చేయవలసినవాడికి చెప్పినదే కదా.

తాతయ్య పోయిన రోజు ఎవరో ఆ క్యాసెట్టే పెట్టారు. నేను లేచి వెళ్లి ఆపేశాను. పెద్దవాళ్లు నొచ్చుకున్నారు. ఎందుకు ఆపానో అప్పుడు చెప్పలేకపోయాను. తాత్పర్యానికి ముందు ఆగకుండా అది అలా సాగిపోతుంటే తట్టుకోలేకపోయాను. మళ్లీ వినడానికి ఏడాది పట్టింది.

రెండోది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆమె పాడిన అయిదు ఎల్‌పీలు. అరవై దాటిన వయసులో, తన మాతృభాష కాని తెలుగులో, అన్నమయ్య పదాలను ఎంత శ్రద్ధగా పలికారో! నేదునూరి కృష్ణమూర్తి గారు రేవతి రాగంలో కట్టిన "నానాటి బతుకు నాటకము" దగ్గర నేను ఏ పనిలో ఉన్నా ఆగిపోతాను.

మూడోది నాది కాదు, మీ నాన్నగారిది. సాగర సంగమం, 1983. ఇళయరాజా గారికీ, బాలు గారికీ జాతీయ అవార్డులు తెచ్చిన పాటలు. పెళ్లయిన కొత్తలో ఆయన వినిపిస్తే విన్నాను, ఇప్పుడు నాకూ కంఠతా వచ్చు. దాని గురించి ఆయన్నే అడుగు, సంతోషిస్తారు.

గీత నీ ఫోనులోనే దొరుకుతుంది. మొదటి నుంచి పెట్టు. ఆ "ధ్యాయతో" శ్లోకం రాగానే ఆపి, తాత్పర్యం వినకముందే నాకు ఫోను చేసి అర్థం నీ మాటల్లో చెప్పు. వచ్చే ఆదివారం పది గంటలకు నేను ఫోను దగ్గరే ఉంటాను.

ప్రేమతో,
అమ్మ