వేట ఆగిన రెండు నెలలు

తల్లీ,

తిరుపతిలో ఎండలు ఇంకా ఎక్కువంటున్నారు, మజ్జిగ తాగుతూ ఉండు. ఇక్కడ ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట ఆపేశారు, మళ్లీ జూన్ 14 దాటాకే. హార్బర్‌లో బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి. నాన్న పొద్దున్నే వెళ్లి వలలు బాగుచేస్తున్నారు.

ఈ ఉత్తరం ఎదురింటి పిన్ని కూతురి గురించి. మున్సిపల్ స్కూల్లో చదివి పదిలో 571 తెచ్చుకుంది. వాళ్లమ్మ ఆ మార్కుల కాగితాన్ని మడిచి రేషన్ కార్డు కవర్లో దాచింది. తీసి చూపించినప్పుడు మడత దగ్గర చిరిగిపోతోంది. "బావుందమ్మా, ఇప్పుడేటి చేస్తారు?" అంటే, "బట్టల షాపులో అడిగాం, జూన్ నుంచి రమ్మన్నారు" అంది. నాకు నోట మాట రాలేదు.

వాళ్ల నాన్న బోటు మీద పనిచేసే కలాసీ. వేట లేకపోతే ఇంట్లో పైసా ఉండదు. మన పిల్లల అప్లికేషన్లు, కౌన్సెలింగ్‌లు, ముందు కట్టాల్సిన డబ్బులు అన్నీ ఈ రెండు నెలల్లోనే వచ్చి పడతాయి. నీ సీటుకి కట్టడానికి నా దుద్దులు తాకట్టు పెట్టింది కూడా జూన్‌లోనే కదా. ఐఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలని విని నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఇంటి ఆదాయం లక్ష లోపు ఉంటే అది మొత్తం మాఫీ అని, 5 లక్షల లోపైతే మూడింట రెండు వంతులు తగ్గుతుందని మీ సార్ చెప్పేదాకా మనకు తెలీదు. ఆ సార్ లేకపోతే నువ్వు ఎక్కడుండేదానివో తలచుకుంటేనే భయమేస్తుంది.

ఆ పిల్లకి అలా చెప్పేవాళ్లు లేరు. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో ఇంటర్, ఇంజినీరింగ్ కలిపి ఆరేళ్లు చదివించే ట్రిపుల్ ఐటీ ఉందని, పది మార్కులతోనే సీటిస్తారని, ప్రభుత్వ బడి పిల్లలకి పాయింట్లు కలుపుతారని నేను చెప్తే వాళ్లకి నమ్మకం కుదరలేదు. "ఆరేళ్లు గుంటని ఎలా చదివిస్తాం వదినా" అంటోంది పిన్ని. హాస్టల్ అక్కడే ఉంటుందని, అర్హత ఉన్నవాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని నువ్వు చెప్తే వింటారు. ఈ పేటలోంచి వెళ్లి చదువుతున్నదానివి నువ్వే కదా.

దాని తమ్ముడు వచ్చే నెల ఎనిమిదిలోకి వస్తాడు. ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష సంగతి కూడా చెప్పు. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తాయి. అది నీకు రాయించలేకపోయానని నాకు ఇప్పటికీ బాధే.

డబ్బు పంపుతాననకు, నీ ఖర్చులకి నీ దగ్గరే ఉంచుకో. ఆదివారం సాయంత్రం ఆరింటికి వీడియో కాల్ చెయ్యి. ఆధార్, మార్కుల మెమో దగ్గర పెట్టుకుని వాళ్లందరినీ మనింట్లో కూర్చోబెడతాను. అప్లికేషన్ ఆ పిల్ల చేతే నింపించు, తేదీ దాటకముందే.

నెత్తళ్లు ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచాను, వచ్చినప్పుడు పట్టుకెళ్దువుగాని.

అమ్మ