పాత సీడీ పారేయొద్దని నేర్పినవారికి కృతజ్ఞతలు

పాంక్రియాస్‌లో (జీర్ణరసం ఊరే గ్రంథిలో) సిస్టు, అంటే నీటి తిత్తి, ఉండి, ఉన్నట్టుండి పాంక్రియాటైటిస్, అంటే ఆ గ్రంథికి వాపు, వచ్చినవాళ్ల కోసం తెలుగులో రాసిన మా కరపత్రం అచ్చుకు వెళ్లింది. ఉన్నవి నాలుగు పేజీలే. వాటిని అక్షరం అక్షరం చదివి దిద్దినవాళ్లు చాలామంది. పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరు ఏ తప్పు దిద్దారో అదే చెప్పుకుంటాం.

అందరికంటే ముందు రేడియాలజీ డాక్టరుగారికి దండం. మొదటి ప్రతిలో "స్కాన్ చేయించండి" అని మాత్రమే ఉంది. సిస్టు ముందా, వాపు ముందా అన్నది తేలాలి కదా అని ఆయన పట్టుబట్టారు. సిస్టు వల్ల పాంక్రియాటైటిస్ రావచ్చు, పాంక్రియాటైటిస్ వల్ల సిస్టూ రావచ్చు. ఐపీఎంఎన్ (పాంక్రియాస్ నాళాల్లో పెరిగే జిగురు సిస్టు) అనే రకంలో ఊరే చిక్కటి జిగురు నాళంలో అడ్డం పడితే జీర్ణరసం కదలక గ్రంథి వాచిపోతుంది. సూడోసిస్టు, అంటే వాపు తర్వాత ఏర్పడే తిత్తి, సంగతి వేరు. వాపు వచ్చాక బయటికి కారిన రసం చుట్టూ గోడ కట్టడానికి సుమారు 4 వారాలు పడుతుంది. అందుకే నొప్పి మొదలైన మూడో రోజు సీటీలోనే గట్టి గోడతో సిస్టు కనిపిస్తే అది పాతదే: ఇదివరకటి వాపు మిగిల్చిందో, తనంతట తాను పెరిగిందో చూడాలి. ఎప్పుడో కిడ్నీ రాయి కోసం తీయించిన స్కాను అప్పుడు బంగారంతో సమానం. రిపోర్టు కాగితం చాలదు, బొమ్మలున్న సీడీ కావాలి.

ఇది తేలకపోతే జరిగే నష్టమేంటో సర్జన్‌గారు రాయించారు. జిగురు ఊరే సిస్టును సూడోసిస్టు అనుకుని కడుపులోకి దారి పెట్టి ఖాళీ చేయిస్తే, క్యాన్సర్‌గా మారగల గోడ లోపలే ఉండిపోతుంది. నిజంగా సూడోసిస్టే అయినా పెద్దదిగా ఉందన్న ఒక్క కారణంతో తొందరపడక్కర్లేదు, చాలావరకు దానంతటదే తగ్గుతుంది. నొప్పి, వాంతులు, జ్వరం, కామెర్లు ఉంటేనే ఖాళీ చేయించే సంగతి ఆలోచించాలి. అదీ గోడ గట్టిపడ్డాకే, పక్కనున్న రక్తనాళం ఉబ్బలేదని సీటీలో చూసుకున్నాకే. సిస్టు కనబడింది కదా అని నేరం దాని మీదే వేయకూడదని కూడా ఆయనే గుర్తుచేశారు. పిత్తాశయంలో రాళ్లు, మద్యం, రక్తంలో 1000 మి.గ్రా./డె.లీ. దాటిన ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) వెతకాల్సిందే.

వార్డు సిస్టర్లు సెలైన్ పేరా మొత్తం తిరగరాయించారు. ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత మంచిదని రాశాం, అది పాత మాట. 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ అధ్యయనంలో ధారాళంగా ఎక్కించినవారిలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు మితిమీరింది, మితంగా ఎక్కించినవారిలో 6.3 శాతం మందికే. మితం అంటే రింగర్ లాక్టేట్ (ఒక రకం సెలైన్) గంటకు కిలోకు 1.5 మి.లీ. 60 కిలోల మనిషికి గంటకు 90 మి.లీ. ఒళ్లు ఎండిపోయి ఉంటేనే ముందుగా కిలోకు 10 మి.లీ. పాదాలు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే సిస్టర్‌ను పిలవండి.

డైటీషియన్ అమ్మగారు "కడుపు ఖాళీగా ఉంచాలి" అన్న వాక్యం కొట్టేశారు. వాంతులు ఆగి, ఆకలేస్తే 24 గంటల్లోనే మెత్తగా పెట్టొచ్చు: ఇడ్లీ, పలుచటి పప్పుకట్టుతో మెత్తటి అన్నం, వెన్న తీసిన మజ్జిగ. నెయ్యి, కొబ్బరి చట్నీ వద్దు. ముద్దకి రుచని ఆవకాయ నూనె కలపడం అసలే వద్దు.

ఎండోస్కోపీ టెక్నీషియన్ చూపించింది మాత్రం మరిచిపోలేం. సూదితో తీసిన సిస్టు నీటి చుక్కను గ్లవ్ వేసుకున్న రెండు వేళ్ల మధ్య పెట్టి, తీగపాకం చూసినట్టు మెల్లగా విడదీశారు. సెంటీమీటరు దాకా తెగకుండా సాగితే జిగురు సిస్టు అన్న అనుమానం బలపడుతుంది. మిగతాది ల్యాబు చెబుతుంది. సిస్టు నీటిలో గ్లూకోజ్ 50 మి.గ్రా./డె.లీ. కంటే తక్కువున్నా, సీఈఏ అనే ప్రొటీన్ 192 నానోగ్రా./మి.లీ. దాటినా జిగురు రకం వైపు మొగ్గు. అమైలేజ్ అనే జీర్ణ ఎంజైము 250 యూనిట్లు/లీ. కంటే తక్కువుంటే సూడోసిస్టు కాకపోవచ్చు. గ్లూకోజ్ శాంపిల్ ఆలస్యమైతే విలువ పడిపోతుంది, వెంటనే పంపాలి. ఆ సూది వల్లే అరుదుగా పాంక్రియాటైటిస్ రావచ్చన్న వాక్యమూ ఆయన చేర్చిందే. రోగికి ముందే చెప్పాల్సిన మాట అది.

చివరి పేజీలో గడులు గీసిచ్చిన డీటీపీ అక్కకు ప్రత్యేకంగా థ్యాంక్స్. స్కాను తేదీ, సిస్టు సైజు, ప్రధాన నాళం వెడల్పు, లోపల కంతి ఉందా లేదా రాసుకోవాలి, కొలతలన్నీ మిల్లీమీటర్లలో. నాళం 10 దాటినా, కాంట్రాస్టుకు (స్కానుకు ముందు ఎక్కించే మందుకు) వెలిగే కంతి 5 దాటినా, కామెర్లు వచ్చినా సర్జన్‌ను కలవడం వాయిదా వేయొద్దని ఎర్ర అక్షరాల్లో వేశారు. ఆఖరి గడి కూడా ఆవిడ ఆలోచనే: "సీడీ ఇంట్లో ఎక్కడ పెట్టారు?"