2024-25 వార్షిక నివేదిక: ఆదివారం బండి కథ

సభ్యులందరికీ నమస్కారం. లిఫ్టు, బోరు, సీసీ కెమెరాల లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టాం, అక్కడ చూసుకోండి. ఇక్కడ రాసేదంతా ఆదివారం మన అపార్ట్‌మెంటుకు వచ్చే కూరగాయల బండి గురించే, ఎందుకంటే ఈ ఏడాది మీటింగుల్లో ఎక్కువ గొడవ దాని మీదే జరిగింది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నాం. చేవెళ్ల వైపు చిన్న రైతులు కలిసి పెట్టుకున్న ఒక ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) దగ్గర మనం నేరుగా కొంటున్నాం. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పది వేల ఎఫ్‌పీఓల పథకం కిందిదే ఇది కూడా. కనీసం 300 మంది రైతులు చేరాలి, మూడేళ్లలో నిర్వహణకు 18 లక్షల దాకా ఇస్తారు, రైతు కట్టిన వాటా ధనానికి సమానంగా మనిషికి 2,000 వరకు కలుపుతారు. బాగానే ఉంది కానీ ఆ 18 లక్షలు జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ. పొద్దున టమాట దింపిన రైతుకు సాయంత్రం చేతిలో పెట్టాల్సిన డబ్బు వేరే ఎక్కడినుంచో రావాలి. దళారి కమీషన్ కోసుకుంటాడు, తరుగు తీస్తాడు, అయినా అప్పటికప్పుడు నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు, విత్తనాలకు ముందే అప్పిస్తాడు. అందుకే అతన్ని వదలడం అంత తేలిక కాదు.

ఇది మాకు తెలిసొచ్చింది మన తప్పు వల్లే. ఆగస్టులో ట్రెజరర్ మారారు, బ్యాంకులో సంతకాలు మార్చడం ఆలస్యమై మూడు వారాల బిల్లు ఆగిపోయింది. నాలుగో ఆదివారం బండి రాలేదు. ఫోన్ చేస్తే, "మీ సంతకాలయ్యేదాక మా కూలోళ్లు ఆగుతరా సార్?" అన్నాడు రైతు. ఏం చెప్తాం? అప్పటినుంచి ఫ్లాటుకు 500 చొప్పున డిపాజిట్ ముందే వాళ్ల దగ్గర ఉంచుతున్నాం. డబ్బు పోతుందని భయపడ్డవాళ్లకు: ఇప్పటిదాకా ఒక్క రూపాయి తేడా రాలేదు. (సొరకాయల్ని గోటితో గిచ్చి చూసి వదిలేసేవాళ్లు మాత్రం మనలోనే ఉన్నారు, దయచేసి మానండి. గిచ్చిన కాయ సాయంత్రానికి నల్లబడుతుంది, ఆ నష్టం రైతుదే.)

ఫిబ్రవరిలో పదకొండు మందిమి ముల్కనూరు వెళ్లొచ్చాం. 1956 నుంచి నడుస్తున్న సహకార సంఘం అది. అప్పు, ఎరువు, విత్తనం ఇచ్చేదీ వాళ్లే, పండిన వడ్లు కొనేదీ వాళ్లే కాబట్టి అప్పు కొనుగోలు దగ్గరే సర్దుబాటైపోతుంది. 2002లో ఆడవాళ్లు సొంతంగా పాల డెయిరీ కూడా పెట్టుకున్నారు. సమష్టిగా అమ్మడం ఒక్కటే సరిపోదని అక్కడ చూశాక తెలిసింది.

ఇంకో మాట. మనకు బీరకాయ పంపేది ఒక కౌలు రైతు. జనవరిలో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పెట్టుబడి సాయం రైతు భరోసా, సీజనుకు ఎకరానికి 6,000, పట్టా పాసుబుక్కు ఉన్న యజమానికే పోతుంది, దున్నే ఈయనకు కాదు. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం 2011 నుంచీ ఉంది, ఆయన దగ్గర మాత్రం కార్డు లేదు. దీనిపై వినతిపత్రం రాశాం, సంతకాలు పెట్టాల్సినవాళ్లు పెట్టండి.

డిపాజిట్ ఇంకా కట్టని పద్నాలుగు ఫ్లాట్లవాళ్లు వాచ్‌మన్ చేతికి కాకుండా ట్రెజరర్‌కే ఇవ్వండి, జూన్ మొదటి ఆదివారంలోపు.